ముదురు కోడి కోసం కొండ దాటినవాళ్ళు

మనుషులు నోటితో చెప్పేది ఒకటి, వాళ్ళ ఫ్రిజ్‌లో ఉండేది ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో కనిపెట్టి చెప్పడమే నా ఉద్యోగం. వర్జీనియాలో, షాంటిలీలోని ఒక చిన్న కన్స్యూమర్ రీసెర్చ్ కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సబ్బులు, టీ పొడి, చిప్స్, ఇన్సూరెన్స్, ఏది అమ్ముకోవాలన్నా కంపెనీలవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మేము ఓ పదిమందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, కబుర్లు చెప్పించేవాళ్ళం. గదికి ఒక పక్క పెద్ద అద్దం ఉండేది. లోపలివాళ్ళకు అది అద్దం, అవతలి చీకటి గదిలో కూర్చున్నవాళ్ళకు కిటికీ. సరుకు తాలూకు మనుషులు అక్కడ కూర్చుని జనం తమ గురించి ఏమనుకుంటున్నారో వినేవారు. మన ఇళ్ళలో ఈ పనికి తలుపు సందు సరిపోయేది. ఇక్కడ అద్దం కట్టించుకున్నారు, అంతే తేడా.

ఇప్పుడు ఈ పనిలోకి మన పిల్లలు చాలామంది వస్తున్నారు. జనం ఏం కొంటారో కంప్యూటర్లే చెప్పేస్తున్నాయట, మనుషుల్ని కూర్చోబెట్టి అడిగే అవసరం తగ్గిపోయిందట. సంతోషం. అయినా ఒక కోళ్ళ సంగతి చెబుతాను, వినండి. ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. కోడి కూర రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మాంసం మీద సర్వే వచ్చినప్పుడల్లా మా బాస్ నన్నే పిలిచేవాడు. "నువ్వు తినవు కాబట్టి వినగలవు" అనేవాడు. నెరిసిన జుట్టు, నలిగిన చొక్కా, ఎప్పుడూ కాఫీ మరకలు. ఆయన మాటలో నిజముందని చాలా ఆలస్యంగా అర్థమైంది. నాకు రుచి తెలియదు కాబట్టి నేను కంచాలు చూసేదాన్ని. ఎవరు వదిలేశారు, ఎవరు వేళ్ళు నాక్కున్నారు, ఎవరు మాట్లాడుతూ తిన్నారు, ఎవరికి మాట ఆగిపోయింది. ఇవే నా కొలతలు.

రెండు వేల తొమ్మిది, పది ఆ ప్రాంతం. ఉద్యోగాలు పోయి, ఇళ్ళ ధరలు పడిపోయి, అందరూ ఆచితూచి ఖర్చు పెడుతున్న రోజులు. బ్లూరిడ్జ్ కొండల అవతల నుంచి ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. ఇంచుమించు నా వయసే. కోళ్ళు పెంచుతుంది. ఆవిడ కోళ్ళు షెడ్డులో ఉండవు, పచ్చిక మీద తిరుగుతాయి. చక్రాలున్న గూళ్ళను రోజూ పొద్దున్నే కొత్త గడ్డి మీదికి లాగుతుంది. భర్త పోయాడు, ఆ లాగడమంతా ఆవిడే. శనివారం సంతకు గుడ్లు తెస్తే హెర్న్‌డన్, షాంటిలీల నుంచి మనవాళ్ళు వచ్చి కొంటారట. కోళ్ళు బయట తిరుగుతాయంటే తెగ మెచ్చుకుంటారట.

ఆవిడ కష్టం ఇది. ఒక పెద్ద చికెన్ కంపెనీ ఆవిడ పొలం వెంటపడుతోంది. పచ్చిక తీసేసి పొడుగాటి షెడ్లు వేయిస్తాం, కోడిపిల్లల్ని మేమే తెస్తాం, దాణా మేమే ఇస్తాం, పెరిగాక మేమే పట్టుకుపోతాం, మీరు తలుపు తీసి వేస్తే చాలు అంటున్నారు. సంతకం పెట్టెయ్యమని కొడుకు పోరుతున్నాడు. ఆవిడ వసంతం దాకా గడువు అడిగింది. గుడ్లతోనే చలికాలం గట్టెక్కడం లేదు, మాంసం కూడా అమ్ముడైతేనే తన కోళ్ళు గడ్డి మీద ఉంటాయి.

"వీళ్ళు నిజంగా కొంటారా? మర్యాద మాటలు వద్దు. నాకు నిజం కావాలి" అంది నన్ను చూస్తూ.

మనవాళ్ళ నోట మర్యాద లేకుండా నిజం రాబట్టడం ఎంత కష్టమో ఆవిడకు తెలియదు, పాపం.

తెలుగు ఇళ్ళతో మొదలుపెడదామన్నాం. కాలేజీ చదివే పిల్లలు ఒక జట్టు, ఇంటికి సరుకులు కొనే ఆడవాళ్ళు ఒక జట్టు, ఇండియా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళు ఇంకో జట్టు. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఉండకూడదన్నది మా పనిలో గట్టి నియమం. మనుషుల్ని పోగుచేసే పని కొత్తగా చేరిన ఒక అమెరికన్ అమ్మాయిది. శ్రద్ధగల పిల్ల. ఇంటిపేర్లన్నీ పక్కపక్కన పెట్టి చూసింది, ఎక్కడా కలవలేదు. నిశ్చింతగా ఉంది.

ఆదివారం నాడు ఆఫీసు ముందు ఒక మినీవ్యాన్ ఆగింది. ముందు సీట్లోంచి ఒకామె దిగింది, వెనకనుంచి ఆమె కూతురు దిగింది, ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని ఒక పెద్దావిడను దింపారు. జరీ అంచు చీర మీద స్వెటరు, సాక్సుల మీద చెప్పులు. ముగ్గురూ మా మూడు జట్లలో ఉన్నవాళ్ళే. పెద్దావిడది అత్తవారి ఇంటిపేరు, కూతురిది మొగుడి ఇంటిపేరు, మనవరాలు తండ్రి అసలు పేరునే ఇంటిపేరుగా పెట్టుకుంది. కంప్యూటర్ కనిపెట్టలేకపోయిందంటే దాని తప్పేముంది. మనవాళ్ళలో ఒకరిని పిలిస్తే మిగతావాళ్ళను ఇంట్లో వదిలి రారని ఆ అమ్మాయికి మాత్రం ఎవరు చెప్పారు. పాలిపోయిన మొహంతో నిలబడింది.

"ఇద్దర్ని పంపించెయ్" అన్నాడు బాస్ నాతో.

"ఉండనివ్వండి. ఒకే ఫ్రిజ్‌ను మూడుసార్లు తెరిచి చూసే అవకాశం మళ్ళీ రాదు" అన్నాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. రైతావిడ అప్పటికే అద్దం వెనక గదిలో కూర్చుని ఉంది.

మొదట ఆడవాళ్ళ జట్టు. మినీవ్యాన్ నడిపినామె చక్కగా, ధాటిగా మాట్లాడింది. "మేమైతే ఆర్గానిక్ తప్ప కొనం ఆంటీ. ప్రైస్ ఎక్కువే, కానీ పిల్లల హెల్త్ ముఖ్యం కదా. కోళ్ళు ఫ్రీగా తిరిగితే హ్యాపీగా ఉంటాయి. హ్యాపీగా ఉన్నదే తినాలి." బల్ల చుట్టూ అందరూ తలలూపారు. తరవాత పిల్లల జట్టులో ఆమె కూతురు ఇంకో అడుగు ముందుకు వేసింది. అమెరికన్ యాసలో, "ఆ షెడ్స్‌లో కోళ్ళని చాలా టార్చర్ చేస్తారు. నేను వీడియోస్ చూసింది. అందుకే నేను తినను. తింటే పాస్చర్‌లో, గడ్డి మీద తిరిగింది మాత్రమే తింటా" అంది. ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే సాగింది కనక అద్దం వెనక ఆవిడకు అంతా అర్థమైంది. మధ్యలో నేను నీళ్ళు తాగడానికి ఆ గదిలోకి వెళితే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి. చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేశాను.

చివర పెద్దవాళ్ళ జట్టు, పూర్తిగా తెలుగులో. పచ్చిక మీద తిరిగే కోడి అంటే మీకెలా అనిపిస్తుందని అడిగాను. స్వెటరు పెద్దావిడ నన్నే చూస్తూ అంది:

"గడ్డి మీద తిరిగితేంది, తిరగకుంటేంది బిడ్డా. మా బిడ్డ ఇంట్ల కోడి పెద్ద సంచిల వస్తది. సేల్‌ల సస్తగ ఉన్నప్పుడు నాలుగు సంచులు తెచ్చి ఫ్రిజ్‌ల పెడ్తరు, బండ లెక్క అయితది. గదే కూర. మనుమరాలైతే అసలే ముట్టది. బొక్కకు రుచి లేదు, పులుసుకు వాసన లేదు. వచ్చినప్పటి సంది కడుపునిండ బువ్వ తినలే నేను."

గదంతా గొల్లున నవ్వింది. ఎవరి ఇంట్లో సంచి వాళ్ళకు గుర్తొచ్చింది మరి.

"మరి ఎలాంటిది కావాలమ్మా మీకు?"

"ముదురుది. గుడ్లు పెట్టుడు అయిపోయినది. పసుపు పూసి మంట మీద కాలిస్తే తోలు మెరవాలె. గసుంటిది తిని ఎన్నొద్దులాయెనో."

"అదీ మాట" అన్నాడు పక్కన గుంటూరు పెద్దమనిషి. అంతే, నా ప్రశ్నలు గాలికిపోయాయి. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. కాలు ఎవరికి, గుండెకాయ ఎవరికి, పులుసులో కొబ్బరి వెయ్యాలా, గసాలు వెయ్యాలా. నేను వాళ్ళ చేతులు చూస్తున్నాను. పెద్దావిడ కుడిచేతి వేళ్ళు ఖాళీ బల్ల మీద అన్నం కలుపుతున్నాయి. ఆవిడకు ఆ సంగతి తెలియదు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా దగ్గరికి వచ్చి ఉన్నన్నాళ్ళూ ఇక్కడి పెరుగు వేసుకుని "బాగుందే" అనేది, ఆఖరి ముద్ద మాత్రం కంచంలోనే ఉండిపోయేది. గేదె పెరుగు అని ఒక్కసారి కూడా నోరు తెరిచి అనలేదు. ఆ గదిలో ఆ క్షణాన నాకు మా అమ్మ మీద బెంగ ఎంతగా కమ్ముకొచ్చిందంటే, అడగవలసిన తరవాతి ప్రశ్న మరిచిపోయాను.

అందరూ వెళ్ళాక రైతావిడ అడిగింది. "ఆ ముసలావిడ ఏమంది? అంతగా నవ్వారెందుకు?"

బాస్ నా వంక చూశాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పొద్దున మాట్లాడినామె ఈవిడ కూతురేనని, ఆర్గానిక్ అన్న ఇంట్లో ఉన్నది చవక సంచి అని, టార్చర్ అన్న పిల్ల అసలు మాంసమే తినదని. ఆవిడ మొహంలో వెలుగంతా పోయింది. కోటు తీసుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆవిడకు ఏం కావాలట?"

"గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోడి."

ఆవిడ నన్ను నమ్మలేనట్టు చూసింది. అలాంటివి తన దగ్గర గూళ్ళ నిండా ఉన్నాయట. పొద్దు తగ్గే కాలం వచ్చేసరికి గుడ్లు ఆపేస్తాయి, చలికాలమంతా ఊరికే మేపలేదు, కొనేవాడు లేడు. పక్కింటివాళ్ళకు సూప్‌కని నాలుగు ఇచ్చి, మిగతావి చంపి ఎరువు గుంటలో పూడ్చేస్తుందట. "ఏడాదిలో ఆ ఒక్కరోజు నాకు తిండి సయించదు" అంది.

ఇక గదిలో మాటలు చాలు, తినిపించి చూద్దామన్నాడు బాస్. సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఆ పెద్దవాళ్ళందరినీ కుటుంబాలతో సహా పొలానికి రమ్మన్నాం. మనవాళ్ళు భోజనానికని బయలుదేరితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. కార్ల వరస, డిక్కీల్లో ప్రెషర్ కుక్కర్లు, రైస్ కుక్కర్, మసాలా డబ్బాలు, మడత కుర్చీలు, వస్తే వస్తుందని గొడుగులు. కొండ మలుపుల్లో ఇద్దరికి వాంతులు. అంతా దిగేసరికి రైతావిడ వాకిట్లో నిలబడి ఉంది, బల్ల మీద శుభ్రం చేసిన కోళ్ళు పేర్చి.

పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వెళ్ళి బల్లను చూసి ఆగిపోయింది. "తోలు ఏది బిడ్డా?"

ఇండియన్లు చర్మం తీసేసిన చికెనే కొంటారని ఎప్పటిదో మా పాత రిపోర్టు ఒకటి రైతావిడ చదివిందట. ఆ ముదురు కోళ్ళకు కష్టపడి ఒక్కొక్కదానికీ తోలు ఒలిచి పెట్టింది. నేను విషయం చెబితే, చల్లగదిలోకి వెళ్ళి పక్కింటివాళ్ళ కోసం తోలుతోనే ఉంచిన కోళ్ళు తెచ్చింది. గొట్టానికి బిగించిన గ్యాస్ మంట కూడా తెచ్చింది. పెద్దావిడ పసుపు పూసి కాళ్ళు పట్టుకుని తిప్పుతుంటే ఈవిడ మంట పట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. "జర ఇటు, ఇటు" అంటే ఇటే పట్టింది, "బస్" అంటే ఆపింది. నేను దూరంగా నిలబడ్డాను, వాసన నాకు పడదు. కానీ వాళ్ళిద్దరి మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

ఉడకడానికి చాలాసేపు పట్టింది. కుర్రాళ్ళు ఆకలికి చిప్స్ తినేశారు. మనవరాలు గడ్డిలో కూర్చుని బతికున్న కోడినొకదాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

వడ్డించాక నేను నా పని మొదలుపెట్టాను. కంచాల మధ్య తిరిగాను. కుర్రకారు ప్లేట్లలో ముక్కలు సగం కొరికి ఉన్నాయి. మినీవ్యానామె దవడ పట్టుకుని "అమ్మా, నమలలేకపోతున్నా" అని నవ్వేసి పక్కన పెట్టింది. పెద్దవాళ్ళ వైపు మాత్రం చప్పుడు లేదు. గుంటూరాయన కళ్ళు మూసుకుని తింటున్నాడు. పెద్దావిడ కంచంలో బొమికలు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. మూడోసారి అన్నం పెట్టించుకుంది. మనవరాలు తినలేదు, అమ్మమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ రైతావిడ చెయ్యి పట్టుకుని, ప్రతి నెలా వస్తాం, సూపర్, ఫ్రెండ్స్‌కి కూడా చెబుతాం అన్నారు.

కార్లు కదిలాక ఇద్దరం కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్నాం. రిపోర్టు రాయకముందే క్లయింటుకు ఏమీ చెప్పకూడదు. ఆవిడ అడిగింది. "వస్తారా వీళ్ళు?"

"రారు" అన్నాను. "ఇష్టంగా తిన్నవాళ్ళు ఈ దేశంలో ఉండేవాళ్ళు కారు. ఆరు నెలలకని వచ్చారు. చలి మొదలవగానే విమానం ఎక్కేస్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక మిగతావాళ్ళకు ఈ దారి గుర్తుండదు."

గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. ఇక సంతకం పెట్టేస్తుంది, నా చేతులతో నేనే పెట్టించాను అనుకున్నాను.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"వాళ్ళు కాకపోతే ఇంకొకరి అమ్మానాన్నలు. ఎవరో ఒకరు. మే నెలలో మొదలవుతారు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నాకేం అర్థం కాలేదు. "నా గడ్డి కూడా మేలోనే వస్తుంది" అంది. "ముసలి కోళ్ళు అప్పటినుంచే ఒక్కొక్కటే గుడ్లు మానేస్తాయి, మిగతావన్నీ తీసేసేది పొద్దు తగ్గినప్పుడు, మీ వాళ్ళు పెట్టెలు సర్దుకునేటప్పుడే. చలికాలంలో కొనేవాళ్ళు నాకెందుకు? అప్పుడు అమ్మడానికి నా దగ్గర ఏముంటుంది గనక?"

వసంతంలో ఆవిడ సంతకం పెట్టలేదు. మా రిపోర్టులో బాస్‌తో పోట్లాడి మరీ రాయించాను. పచ్చిక, జాలి, ఆరోగ్యం, ఇవేవీ పొలం ముందు బోర్డు మీద రాయొద్దు, ముదురు కోడి, తోలుతో అని రాయండి. ఆయన పేజీ వంక చూసి, ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత అనాకర్షణీయమైన ప్రకటన చూడలేదన్నాడు. చూడకపోతేనేం, ఆ మే నుంచి కార్లు కొండెక్కాయి. గుళ్ళో ఒకరికి, పార్కులో నడకకు వచ్చినప్పుడు ఒకరికి, పెద్దవాళ్ళ నోట ఆ మాట పాకింది. నడపలేని తల్లిదండ్రులు నడపగలిగే పిల్లల్ని సతాయించి తీసుకొచ్చేవారు.

నేనూ ప్రతి వేసవిలో వెళ్ళేదాన్ని. నాకక్కడ కొనేదేమీ లేదు. బెంచీ మీద కూర్చుని, కార్లోంచి దిగి కోళ్ళను చూసిన ముసలివాళ్ళ మొహాలు చూసేదాన్ని. ఉద్యోగంలో నాకు దొరికినవాటిలో అదే ఇప్పటికీ కావాలనిపిస్తుంది. అప్పటి ఆఫీసు ఇప్పుడు పళ్ళ డాక్టరు క్లినిక్. బాస్ లేడు. ఇంటిపేర్లు సరిచూసిన అమ్మాయి శాంటా క్లారాలో పెద్ద హోదాలో ఉంది, పండగలకు ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి ఏమీ తోచక ఆ అద్దం గది గుర్తుచేసుకుంటాను. ఇంకొక్కసారి పదిమందిని కూర్చోబెట్టి, మీరేం తింటారమ్మా అని అడగాలనిపిస్తుంది. అడిగేవాళ్ళు లేకపోతే మనుషులు తమకేం కావాలో మరిచిపోతారేమో అని నా బెంగ.

నేను రిటైరయ్యే ముందరి చలికాలం. మంచు కురుస్తున్న ఒక శనివారం రైతావిడ ఫోన్ చేసింది. "మీవాళ్ళలో ఒకామె వచ్చింది. ఈ రోడ్డు మీద, ఈ మంచులో. ముసలి కోడి కావాలంటుంది. ఇప్పుడు లేవంటే కదలడం లేదు. ఫ్రీజర్‌లో నాకోసం పెట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. నువ్వు మాట్లాడు."

ఫోన్ చేతులు మారింది. "ఆంటీ, నేను" అంది. మినీవ్యానామె.

"ఏమ్మా, అమ్మగారు ఈసారి చలికాలంలో వచ్చారా?"

"లేదాంటీ. అమ్మ ఇంక రాదు. హార్ట్ ప్రాబ్లమ్, ఫ్లైట్ ఎక్కొద్దన్నడు డాక్టర్."

"మరి ఎవరికి తల్లీ ఈ కోడి? మీ అమ్మాయి తినదు కదా."

"అది తినదు. ఆయన నమలలేనంటడు. నాకు కూడా అంత ఇష్టమేం లేదాంటీ." తనే చెప్పుకొచ్చింది. "సండే మార్నింగ్ వీడియో కాల్ పెట్టి, ఫోన్ స్టవ్ పక్కన నిలబెడ్త. అమ్మ చూసుకుంట చెప్తది. మూత తియ్యి అంటది, ఉప్పు తక్కువైనట్టున్నది అంటది, ఇంకా ఉడకలే, ఉండు అంటది. అదయ్యేదాక అట్లనే నాతోని కూర్చుంటది. షాప్‌ల చికెన్ అయితే ఇరవై నిమిషాల్లో అయిపోతది ఆంటీ."

ఫోన్ రైతావిడకు ఇమ్మన్నాను.

"ఉన్నవాటిలో అన్నిటికన్నా ముసలిది చూసి ఇవ్వు" అన్నాను.